బోఁజూర్ నుంచి సలాం దాకా: మారిషస్ క్రియోల్‌లో పలకరించడం ఎలా?

మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో మార్కెట్ చుట్టుపక్కల దాల్‌పూరీ బండ్లు ఉంటాయి. దాల్‌పూరీ అంటే మన బొబ్బట్టులా మెత్తగా, పల్చగా ఉండే రొట్టె. తీపి ఉండదు, లోపల ఉడికించి పొడి చేసిన పప్పు ఉంటుంది. ఎప్పుడూ జంటగానే ఇస్తారు. బండి ఆయన ఒకదాని మీద ఒకటి పరిచి, గింజల కూర, టమాటా రుగాయ్, పచ్చడి వేసి, చివర్లో మిరపకాయ ముద్ద రాసి, చుట్టి కాగితంలో పెట్టి చేతికిస్తాడు. మొదటి వారమంతా నేను ఇంగ్లీషులోనే అడిగి తీసుకున్నాను. ఆయన ఇచ్చేవాడు, డబ్బులు తీసుకునేవాడు, పక్క మనిషి వైపు తిరిగేవాడు.

రెండో వారం ఒక వాక్యం బట్టీ పట్టి వెళ్ళాను. "బోఁజూర్ తోఁతోఁ. ఏన్ పేర్, సిల్‌వుప్లే." నమస్తే బాబాయ్, ఒక జంట ఇవ్వండి అని. ఆయన చెయ్యి ఆగింది. తలెత్తి నవ్వి, "కోత్ ఊ సోర్తి?" అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వెనక నిలబడ్డ ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది, ఏ ఊరి నుంచి వచ్చారని అడుగుతున్నాడని.

ఆ రోజు నాకు తెలిసొచ్చింది ఇదీ: పలకరింపు అంటే ఒక మాట కాదు, రెండు మాటలు. మనం అనేది ఒకటి, వాళ్ళు తిరిగి అనేది ఇంకొకటి. ఫోన్లో దొరికే పదాల పట్టికల్లో మొదటిదే ఉంటుంది. అందుకే ఇక్కడ ప్రతి పలకరింపునీ జవాబుతో కలిపే ఇస్తున్నాను. మారిషస్‌కి టూర్‌కో, ఉద్యోగానికో, చదువుకో వెళ్ళేవాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. అక్కడ తెలుగు మూలాలున్న బంధుమిత్రులతో ఫోన్లో మాట్లాడేవాళ్ళకీ పనికొస్తుంది.

ముందు ఈ భాష సంగతి

మారిషస్‌ని ఫ్రెంచి వాళ్ళు 1715లో తీసుకున్నారు. చెరకు తోటల్లో పని చేయించడానికి మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చారు. ఒకరి భాష ఒకరికి తెలియని ఆ మనుషులు, యజమానుల ఫ్రెంచి మాటలను తీసుకుని తమకంటూ ఒక భాష కట్టుకున్నారు. అదే క్రియోల్. 1810లో బ్రిటిష్ వాళ్ళు వచ్చినా జనం నోట్లో భాష మారలేదు. 1835లో బానిసత్వం రద్దయింది. అప్పటికే, 1834 నుంచే, మన దేశం నుంచి ఒప్పంద కూలీలు ఓడలెక్కి వెళ్ళడం మొదలైంది. వాళ్ళు దిగిన రేవే ఈనాటి ఆప్రవాసీ ఘాట్, 2006 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. వాళ్ళలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ రేవు పేరు మీదుగానే అక్కడ తెలుగువాళ్ళని చాలాకాలం 'కోరింగా' అని పిలిచారు.

ఈ రోజు మారిషస్‌లో భోజ్‌పురి వాళ్ళు, తమిళులు, తెలుగువాళ్ళు, మరాఠీలు, చైనావాళ్ళు, ఆఫ్రికా మూలాలవాళ్ళు అందరూ ఇంట్లో, వీధిలో ఎక్కువగా మాట్లాడుకునేది క్రియోల్‌లోనే. ప్రభుత్వ కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో వస్తాయి. క్రియోల్ అంటే పాడైపోయిన ఫ్రెంచి అని చిన్నచూపు చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ మాట తప్పు. దానికి సొంత వ్యాకరణం ఉంది, 2011లో ఖరారైన రాత పద్ధతి ఉంది, 2012 నుంచి ప్రాథమిక బడుల్లో పాఠం ఉంది. దేవ్ విరాస్వామి అనే నాటకకర్త షేక్‌స్పియర్‌నే ఆ భాషలోకి తెచ్చాడు. నేర్చుకునేవాళ్ళు ఆ గౌరవంతోనే మొదలుపెట్టాలి. మనకి గౌరవం ఉందో లేదో ఎదుటివాళ్ళకి గొంతులోనే తెలిసిపోతుంది.

మొదటి అడుగు: నోరు తిప్పడం

క్రియోల్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో చదివి నేర్చుకోకండి, తెలుగులో రాసుకోండి. మూడు సంగతులు చూసుకుంటే చాలు.

ఒకటి, ముక్కుతో పలికే అచ్చులు. 'బోన్' కాదు, 'బోమ్' కాదు, రెంటికీ మధ్య గాలి ముక్కులోంచి పోవాలి, నాలుక ఎక్కడా తగలకూడదు. దీనికి మన దగ్గర గుర్తు ముందే ఉంది, అరసున్న. పాత పుస్తకాల్లో తప్ప కనపడని ఆ ఁ గుర్తుని ఇక్కడ మళ్ళీ పనిలోకి తీసుకుందాం. బోఁజూర్ అని రాశానంటే 'బో'ని ముక్కుతో పలకాలి.

రెండు, జ. ఫ్రెంచిలో మెత్తగా ఉండే 'జ' క్రియోల్‌లోకి వచ్చేసరికి తుమ్మెద రొద లాంటి జ అయింది. 'జూ పార్కు' అనేటప్పుడు ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు పలికే జ అది. జున్ను, జొన్న అనే మాటల్లోని జ దీనికి దగ్గరే, కానీ అక్కడ నాలుక పళ్ళకి తగిలి విడిపోతుంది. ఇక్కడ తగలకుండా రొద చేస్తే చాలు. ఈ వ్యాసంలో క్రియోల్ మాటల్లో జ కనిపించిన ప్రతిచోటా అలాగే చదవండి. 'ష' కూడా ఈ భాషలో 'స' అయిపోయింది.

మూడు, మాట చివర ర. సగం మింగేయాలి. బోఁజూర్ అని నేను రాస్తున్నా, చెవికి వినిపించేది 'బోఁజూ' కి దగ్గరగా ఉంటుంది. త, ద మాత్రం మనవే. ఇంగ్లీషు అలవాటుతో ట, డ చేయకండి.

ఒక పూట ఈ మూడింటి మీద పెట్టండి. అద్దం ముందు బోఁజూర్, బోఁస్వార్, తోఁతోఁ అని పాతికసార్లు అనుకుంటే నోరు తిరుగుతుంది.

రెండో అడుగు: మీరా, నువ్వా?

నమస్కారం నేర్చుకోకముందే ఇది నేర్చుకోవాలి. ఇంగ్లీషు వాళ్ళకి ఇది కష్టం, మనకి పుట్టుకతో వచ్చిన విద్య. క్రియోల్‌లో 'ఊ' అంటే మీరు, 'తో' అంటే నువ్వు. నిన్ను, నీకు అనే చోట 'తో' కాస్తా 'త్వా' అవుతుంది.

కొత్తవాళ్ళు, పెద్దవాళ్ళు, ఆఫీసులో పైవాళ్ళు, దుకాణదారు అయితే ఊ. స్నేహితులు, చిన్నపిల్లలు, మీతో చనువుగా ఉండే సాటివాళ్ళయితే తో. అవతలివాళ్ళు మిమ్మల్ని 'తో' అంటే మీరూ అనొచ్చు, పెద్దవాళ్ళని తప్ప. నేనొకసారి స్నేహితుడి నాన్నగారిని, ఆ స్నేహితుడి దగ్గర నేర్చుకున్న మాటతోనే "తో బియేఁ?" అని అడిగేశాను. అంటే "నువ్వు బాగున్నావా?" అని. ఆయన ఏమీ అనలేదు, మర్యాదగా జవాబిచ్చారు. స్నేహితుడు మాత్రం బయటికొచ్చాక మెల్లగా చెప్పాడు, "పాపాని, అంటే నాన్నని, ఊ అనాలి" అని. స్నేహితుల దగ్గర నేర్చుకున్న భాష స్నేహితుల దగ్గరే సరిపోతుంది. అందుకే మొదట ఊ నేర్చుకోండి. ఊ వాడితే ఎవరూ నొచ్చుకోరు.

పిలుపులు కూడా మనలాగే వరసలతో ఉంటాయి. పెద్దాయనని తోఁతోఁ అంటే బాబాయ్, మావయ్య అన్నట్టు. పెద్దావిడని తాఁతిన్ అంటే పిన్ని, అత్తయ్య అన్నట్టు. అధికారికంగా అయితే మిస్యే, మాదామ్. పేరుతో పిలవాలా వద్దా అని టెన్షన్ పడక్కర్లేదు, వరస కలిపేస్తే సరిపోతుంది.

మూడో అడుగు: పలకరింపు, దాని జత

పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా బోఁజూర్. సాయంత్రం బోఁస్వార్. రాత్రి పడుకోబోయే ముందు, లేదా రాత్రి విడిపోయేటప్పుడు బోన్ న్వీత్. జవాబు అదే మాట. దీంట్లో చిక్కేమీ లేదు. మర్చిపోకూడనిది ఒక్కటే. దుకాణంలో అడుగుపెట్టగానే, బస్సులో పక్క సీట్లో కూర్చోగానే, దారి అడగబోయే ముందు, ముందుగా బోఁజూర్ అనాలి. అది అనకుండా నేరుగా "ఎంత?" అని అడిగితే, మనూళ్ళో పెద్దవాళ్ళని పలకరించకుండా లోపలికి పోయినట్టు ఉంటుంది.

తర్వాత అసలు ప్రశ్న: "కి మానియేర్?" ఎలా ఉన్నారు? దీనికి రకరకాల జవాబులున్నాయి. మర్యాదగా అయితే "మో బియేఁ, మేర్సి. ఏ ఊ?" బాగున్నాను, థాంక్స్, మరి మీరు? చనువున్నచోట "కోరేక్" అంటే చాలు. సరిగ్గానే ఉన్నాం అని. వీధిలో ఎక్కువగా వినపడేది ఈ కోరేకే. ప్రశ్నా అదే, జవాబూ అదే. "కోరేక్?" "కోరేక్!" మన "బాగా?" "బాగా!" లాగా. మరీ గొప్పగా లేకపోతే "పా ప్లీ మాల్" అంటారు, పర్లేదు అన్నట్టు. కుర్రాళ్ళయితే "కి నువేల్?" అని అడుగుతారు. ఏంటి కబుర్లు అని.

ఇక్కడ ఒక్క నిమిషం వ్యాకరణం. 'మో బియేఁ' అనే వాక్యంలో 'ఉన్నాను' లాంటి క్రియ లేదు. 'నేను బాగు' అంతే. "ఆయన డాక్టర్" అని మనం క్రియ లేకుండా అన్నట్టే వాళ్ళు "లి దోక్తేర్" అంటారు. ఇంగ్లీషులో ఈ చోట తడబడే మన పిల్లలకి క్రియోల్‌లో ఆ బాధ లేదు. 'లి' అంటే ఆయన, ఆమె, అది, అన్నీ. 'పా' చేరిస్తే కాదు, లేదు. "మో పా బియేఁ" అంటే నాకు బాగాలేదు.

నాలుగో అడుగు: పేరు, ఊరు

"కుమా ఊ ఆపేలే?" మీ పేరేంటి? జవాబు "మో ఆపేల్ లక్ష్మి." తర్వాత బండి ఆయన నన్నడిగిన ప్రశ్న, "కోత్ ఊ సోర్తి?" మీదే ఊరు? "మో సోర్తి హైదరాబాద్." ఊరి పేరు తగిలిస్తే వాక్యం పూర్తవుతుంది, విభక్తి అక్కర్లేదు.

అప్పుడు వాళ్ళు గబగబా ఏదో అంటారు. అనక మానరు. ఆ క్షణానికి సిద్ధంగా ఉండడానికి నాలుగు వాక్యాలు కంఠతా పట్టండి. నిజానికి ఇవి మొదటి రోజే రావాలి:

"మో పా కోఁప్రాఁ." నాకు అర్థం కాలేదు.
"కోజ్ దుస్మా, సిల్‌వుప్లే." నెమ్మదిగా మాట్లాడండి, ప్లీజ్.
"మో పే ఆప్రాన్ క్రియోల్." నేను క్రియోల్ నేర్చుకుంటున్నాను.
"ఏస్కీజ్ మ్వా." క్షమించండి.

మూడో వాక్యం దగ్గర ఆగండి. 'పే' అనేది మన '-తున్నాను' లాంటిది, జరుగుతున్న పనికి గుర్తు. మో పే మాఁజే, తింటున్నాను. మో పే ఆలే, వెళ్తున్నాను. ఈ ఒక్క 'పే' చేతికొస్తే సగం సంభాషణ నడుస్తుంది. నా అనుభవంలో "మో పే ఆప్రాన్ క్రియోల్" అన్నాక కోపంగా ఉన్నవాళ్ళు కూడా మెత్తబడ్డారు, తప్పులు దిద్దారు, కొత్త మాటలు చెప్పారు. పదాల పట్టిక ఇవ్వలేనిది అదే.

ఐదో అడుగు: బజారు

బజారుని వాళ్ళూ బజార్ అనే అంటారు. అక్కడ అవసరమైన రెండు మాటలు ఏనా, పెనా. ఉంది, లేదు. "ఏనా దిపేఁ?" బ్రెడ్ ఉందా? "పెనా." లేదు. తెలుగులో 'ఉంది' అనే మాట వస్తువు ఉండటానికీ, మన దగ్గర ఉండటానికీ పనికొచ్చినట్టే, వాళ్ళ 'ఏనా' కూడా రెంటికీ పనికొస్తుంది. "పెనా ప్రోబ్లేమ్" అంటే మన నో ప్రాబ్లమే.

"కొమియే సా?" ఇది ఎంత? "త్రో సేర్!" చాలా ఎక్కువ! బేరానికి ఈ రెండూ చాలు, చిరునవ్వు ఉంటే. దాల్‌పూరీ బండి దగ్గర అడిగే ప్రశ్న "పిమాఁ?" మిరపకాయ వెయ్యమంటారా అని. గుంటూరు వాళ్ళయితే "వీ" అనండి, అవును అని. భయముంటే "తిగిత్", కొంచెం. వద్దంటే "సాఁ పిమాఁ". తిన్నాక "మారి బోఁ!" అనండి, భలే ఉంది అని. కుర్రకారు మాట అది, బండి దగ్గర చెల్లుతుంది, పెద్దల ముందు "బియేఁ బోఁ" అంటే మర్యాద.

కూరగాయల దగ్గర మాత్రం కాసేపు నిలబడండి. కట్టలు కట్టిన ఆకుకూర చూపించి పేరు అడిగితే "కొతోమిలి" అంటారు. కొత్తిమీర. కరివేపాకు కారిపులే. మునగాకు బ్రేద్ మురుమ్, బ్రేద్ అంటే ఆకుకూర. బీరకాయ పిపాఁగాయ్. పచ్చడి సాతీనీ. దక్షిణాది నుంచి ఓడల్లో వెళ్ళిన మనుషులు, తమిళులు ఎక్కువగా, తమ వంటింటి పేర్లను వెంట తీసుకెళ్ళి ఆ భాషలో పెట్టేశారు. వాళ్ళు తోటల్లో పడిన కష్టం తలుచుకుంటే ఈ కాస్త కొతోమిలి నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. అన్నట్టు, ఏదైనా చేయి జారి పడితే పక్కనున్నవాళ్ళు ఏ మతంవాళ్ళయినా "ఆయో!" అంటారు. దాన్ని నేర్చుకునే పని మనకి లేదు.

థాంక్స్ చెప్పడానికి మేర్సి, ఇంకా ఎక్కువగా అయితే మేర్సి బుకు. దీని జత "పా దేక్వా". పర్లేదండి, దానికేముంది అని. ఎవరైనా మీకు మేర్సి అంటే నవ్వి ఊరుకోకండి, పా దేక్వా అనండి.

ఆరో అడుగు: ఎవరింటికైనా వెళ్తే

గుమ్మం దగ్గర బోఁజూర్ అన్నాక "వినీ, ఆసీజే" అంటారు. రండి, కూర్చోండి. "ఊ బ్వార్ దితే?" టీ తాగుతారా? ఈ దితే ఎలా పుట్టిందో చూడండి. ఫ్రెంచిలో టీని 'తే' అంటారు, 'కొంత టీ' అనడానికి ముందు 'ద్యు' చేరుస్తారు. ఆ రెంటినీ కలిపి ఒకే మాటగా విన్నవాళ్ళు దితే అనేశారు. బ్రెడ్ దిపేఁ అయింది, నీళ్ళు దిలో అయ్యాయి, ఇల్లు లాకాజ్ అయింది. పుస్తకం చూసి కాదు, చెవితో విని భాష నేర్చుకున్న మనుషుల ఆనవాలు ఇది. మనం కూడా అలాగే నేర్చుకోవాలి.

"ఊ ఫిన్ మాఁజే?" తిన్నారా? ఇది వినగానే మన ప్రాణం లేచి వస్తుంది. 'ఫిన్' అంటే పని అయిపోయిందని గుర్తు. "వీ, మో ఫిన్ మాఁజే, మేర్సి." భోజనానికి కూర్చుంటే "బోన్ ఆపేతి" అనుకుని మొదలుపెడతారు.

పండగలకి "బోన్ ఫేత్" అని పండగ పేరు చేర్చండి. బోన్ ఫేత్ దివాలి. కొత్త సంవత్సరానికి బోన్ ఆనే. మారిషస్‌లో ఉగాది సెలవు రోజు. తెలుగు మూలాలున్న కుటుంబాల్లో సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, రామభజనం ఈనాటికీ జరుగుతాయి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే. అలాంటి ఇంట్లో మొదట తెలుగులో నమస్కారం పెట్టండి, వాళ్ళకది ఇష్టం. ఆ తర్వాత కబుర్లకి క్రియోల్‌లోకి రండి. పాట తెలుగులో పాడి, మంచినీళ్ళు క్రియోల్‌లో అడిగే ఇళ్ళవి. "మీకు తెలుగు సరిగ్గా రాదా?" అని మాత్రం అడగకండి. ఐదారు తరాల కింద సముద్రం దాటిన మనిషి మనవలు ఆ మాత్రం నిలుపుకోవడమే గొప్ప.

కష్టంలో ఉన్నవాళ్ళకి "కురాజ్" అంటారు, ధైర్యంగా ఉండండి అని. పరీక్షకి వెళ్ళే పిల్లకీ, ఆస్పత్రిలో ఉన్న మనిషి ఇంట్లోవాళ్ళకీ ఇదే మాట. కంగారు పడుతుంటే "పా త్రాకాసే", దిగులు పడకు.

వెళ్ళొస్తామని చెప్పడానికి ఓరేవ్వార్ ఉంది, కానీ వీధిలో ఎక్కువగా వినపడేది "సలాం". హిందువు, క్రైస్తవుడు, ముస్లిం తేడా లేదు, అక్కడ సలాం అంటే వెళ్ళొస్తా అని. మనం సలాంతో మొదలుపెడితే వాళ్ళు దాంతో ముగిస్తారు. కాబట్టి వెళ్ళగానే అనకండి. "ఆలే, సలాం" అంటే "సరే మరి, ఉంటా". దానికి జత "నూ త్రువే", కలుద్దాం.

ఒక జాగ్రత్త. బ్యాంకులో, పెద్ద ఆఫీసులో, తెలియని అధికారి ముందు నేరుగా క్రియోల్‌లో దిగకండి. ఫ్రెంచి బోఁజూర్ చెప్పి ఇంగ్లీషులో మాట్లాడండి. క్రియోల్ ఇంటి భాష, వీధి భాష అని చాలాకాలంగా ఉన్న అలవాటు వల్ల కొందరికి అది మర్యాద తగ్గినట్టు అనిపించవచ్చు. వాళ్ళు క్రియోల్‌లోకి వస్తే అప్పుడు మీరూ రండి.

మిగతా క్రియోల్‌లు, గబగబా

క్రియోల్ అంటే ఒకటే భాష కాదు. మారిషస్‌లో నేర్చుకున్నది సీషెల్స్‌లో చాలావరకు నడుస్తుంది. అక్కడా బోఁజూర్, అక్కడా కి మానియేర్, జవాబు "బియేఁ, మేర్సి". అక్కడది అధికార భాషల్లో ఒకటి కూడా. మారిషస్ పక్కనే ఉన్న ఫ్రెంచి దీవి రీయూనియన్‌లో "కొమాఁ ఇ లే?" అంటారు, జవాబు "లే లా". 'ఉన్నాను, ఇలా' అని దాని భావం.

హైతీలో మధ్యాహ్నం దాకా బోఁజు, తర్వాత బోఁస్వా. ఇక్కడి జ 'ప్లెజర్'లోని జ. స్నేహితులు "సాక్ పాసే?" అంటే "నాప్ బులే" అనాలి. మాటకి మాట చూస్తే 'మండుతున్నాం' అని, భావం మాత్రం జోరుగా ఉన్నామని. నాకు బాగా నచ్చింది ఇంకోటి. పల్లెల్లో ఎవరింటికైనా వెళ్తే గేటు దగ్గర నిలబడి "ఓనే!" అని కేకేస్తారు, గౌరవం అని అర్థం. లోపలివాళ్ళు "రేస్పే!" అని జవాబిస్తారు, మర్యాద అని. జవాబు వచ్చాకే లోపలికి అడుగు.

ఇంగ్లీషు మీద కట్టుకున్న క్రియోల్‌లూ ఉన్నాయి. జమైకాలో "వా గ్వాన్?" ఏంటి సంగతి? "మీ దే యా." ఇక్కడే ఉన్నా. పాపువా న్యూగినీలో మాట్లాడే టోక్ పిసిన్ అనే భాషలో "యు స్టాప్ గుట్?" "మి స్టాప్ గుట్." విడిపోయేటప్పుడు "లుకిమ్ యు". మన దేశంలోనే నాగాలాండ్‌లో అస్సామీ మీద కట్టుకున్న నాగమీస్ ఉంది, ఒకరి భాష ఒకరికి రాని నాగా తెగలన్నిటికీ అదే వారధి.

తెలుగువాళ్ళు వెళ్ళిన ఇంకొన్ని దేశాలు

ఇవి క్రియోల్‌లు కావు, కానీ మన ఓడలు ఆగిన రేవులే.

మలేషియాలో "ఆపా ఖబార్?" ఏం ఖబర్ అని. ఉర్దూ తెలిసిన హైదరాబాదీకి అర్థం చెప్పనక్కర్లేదు. జవాబు "ఖబార్ బాయ్క్". థాంక్స్ "తెరీమా కాసీ", జత "సామా సామా". అక్కడా "సుదా మాకాన్?" అని అడుగుతారు, భోంచేశావా అని.

ఫిజీలో "బులా!" గట్టిగా, నవ్వుతూ. అసలు అర్థం జీవం, ఆరోగ్యం. థాంక్స్ "వినాకా".

దక్షిణాఫ్రికాలో డర్బన్ చుట్టుపక్కల 1931 నుంచి ఆంధ్ర మహాసభ ఉంది. అక్కడి జూలూ వాళ్ళు "సావుబోనా" అంటారు. మేము నిన్ను చూశాం అని అసలు భావం. జవాబు "యేబో". తర్వాత "ఉన్జానీ?", ఎలా ఉన్నావు? "న్గిఖోనా." ఉన్నాను.

ఈ జవాబులు పక్కపక్కన పెట్టి చూడండి. రీయూనియన్‌లో లే లా, జమైకాలో మీ దే యా, జూలూలో న్గిఖోనా. మన పల్లెల్లో "బాగున్నారా?" అంటే పెద్దవాళ్ళు ఏమంటారు? "ఏదో, ఉన్నాం బాబూ." ఎక్కడివాళ్ళకైనా ఉండటమే మొదటి జవాబు.

వారం రోజుల సాధన

ప్రయాణానికి వారం ముందు మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులు ముక్కు అచ్చులు, జ, బోఁజూర్, బోఁస్వార్, మేర్సి, పా దేక్వా. మూడో రోజు ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కి మానియేర్, మో బియేఁ, కోరేక్. ఒక్కళ్ళే అనుకుంటే జవాబు చెవికి అలవాటు కాదు, అందుకే రెండో మనిషి ఉండాలి. పిల్లలైతే మరీ మంచిది, వాళ్ళకి సిగ్గుండదు. నాలుగో రోజు పేరు, ఊరు, అర్థం కాలేదు, నెమ్మదిగా. ఐదో రోజు ఏనా, పెనా, కొమియే సా. ఆరో రోజు మారిషస్ రేడియో ఆన్‌లైన్‌లో పెట్టి అరగంట వినండి. అర్థం కాకపోయినా పర్లేదు, తెలిసిన మాట వినపడినప్పుడల్లా వేలు మడవండి. నేను మొదటిసారి విన్నప్పుడు నాలుగు వేళ్ళే మడిచాను.

ఏడో రోజు అరచేతిలో పట్టే కాగితం మీద తెలుగులో ఆరు వాక్యాలు రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. అందులో మొదటిది "మో పే ఆప్రాన్ క్రియోల్" ఉండాలి. విమానాశ్రయంలో టాక్సీ ఎక్కగానే ముందు బోఁజూర్, ఆ వెంటనే ఇది. అక్కడి నుంచి పాఠం డ్రైవరే చెప్తాడు.